అక్కా, స్తోత్రం నోటికి రావట్లేదు

ప్రశ్న:

అక్కా వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఆయన పోయి వచ్చే నెలకి సంవత్సరం. 41 ఏళ్ళు, మోటార్ వైండింగ్ షాపు ఉండేది, పొద్దున టిఫిన్ తిని షాపుకెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి గుండెపోటుతో లేడు. పాప తొమ్మిదో క్లాసు, బాబు ఆరు. అత్తగారు మాతోనే ఉంటారు. ఇప్పుడు సంవత్సరీకానికి కృతజ్ఞత కూడిక పెడదామని అత్తయ్య, పాస్టర్ గారు అనుకున్నారు, ఫ్లెక్సీ మీద కూడా అదే వేయిస్తారంట. నన్ను లేచి సాక్ష్యం చెప్పమంటున్నారు. 'ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి' అని వాక్యం ఉంది కదమ్మా అన్నారు పాస్టర్ గారు. నాకు దేవుడి మీద నమ్మకం లేక కాదక్కా. రోజూ ఎన్నో విషయాలకి మనసులో అనుకుంటూనే ఉంటా. అత్తయ్య ఐదింటికి లేచి పిల్లలకి బాక్సులు కడుతుంది, ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు షాపు మూతపడకుండా నడుపుతున్నాడు. కానీ మైకు పట్టుకుని స్తోత్రం అంటే ఆయన పోయినా నాకు పర్లేదు అన్నట్టు అనిపిస్తుంది. డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు థాంక్స్‌గివింగ్ రోజు వీడియో కాల్ చేసి, రోజూ ఐదు మంచి విషయాలు డైరీలో రాసుకో వదినా, మనసు తేలికవుతుంది అంది, పది రోజులు రాసి మానేశా. మొన్న టీవీలో కామెడీ చూసి గట్టిగా నవ్వేసి, వెంటనే ఆయన ఫొటో చూసి ఏడ్చేశా. పాపేమో ప్రార్థనలో కూర్చోనంటుంది. నా విశ్వాసం పోయిందా అక్కా? కూడికలో ఏం చెప్పాలి?

— ఒక చెల్లి

జవాబు:

చెల్లీ, వందనాలు. అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమనుకోకు. నీ ఉత్తరం నిన్న రాత్రి పడుకోబోయే ముందు చదివా, చదివి ఫోన్ పక్కన పడేసి కాసేపు వంటింట్లోకెళ్ళి ఊరికే నిలబడ్డా. నవ్వేసి ఫొటో వైపు చూశా అన్నావే, అది నాకు తెలుసు. మా ఆయన పోయిన కొత్తలో చుట్టాలింట్లో ఎవరో జోకేస్తే నేను పకపకా నవ్వి, ఆయన కూడా నవ్వారా లేదా అని పక్క కుర్చీ వైపు తిరిగా. కుర్చీలో ఎవరిదో హ్యాండ్‌బ్యాగ్ ఉంది. ఇప్పటికి తొమ్మిదేళ్ళు అయినా ఆ బ్యాగు రంగు కూడా చెప్పగలను.

ముందు విశ్వాసం సంగతి. పోలేదమ్మా. పోయినోళ్ళకి ఈ గొడవే ఉండదు, వాళ్ళు మైకు పట్టుకుని నాలుగు ముక్కలు చెప్పేసి వచ్చి ప్రేమ విందులో కూర్చుని శుభ్రంగా తింటారు. నీకు దేవుడి ముందు అబద్ధం ఆడబుద్ధి కావట్లేదు, అంటే ఆయన వింటున్నాడని నువ్వు గట్టిగా నమ్ముతున్నావనేగా. వినేవాడు ఎవడూ లేడనుకుంటే ఏం చెప్తే ఏం పోయింది.

ఇక పాస్టర్ గారు చెప్పిన వాక్యం. ఆయన్ని తప్పు పట్టట్లేదు, ఆయన మంచి మనసుతోనే చెప్పుంటారు, కానీ నువ్వు బైబిల్ తీసి ఆ మాట ఇంకోసారి నెమ్మదిగా చదువు. 'ప్రతి విషయమునందును' అని ఉంది. అందును అంటే దాంట్లో ఉండగా అని. చావులో ఉన్నప్పుడు కూడా దేవుడితో మాట తెంచుకోకు, థాంక్స్ చెప్పడానికి ఏదైనా కనపడితే చెప్పు అన్నట్టు నాకు అర్థమైంది. చచ్చిపోయినందుకు థాంక్స్ చెప్పు అని ఆ మాటలో లేదు. (ఎఫెసీ పత్రికలో 'సమస్తమునుగూర్చి' అని కూడా ఉంది, అది దాచిపెట్టి నీకు సగం చెప్పడం న్యాయం కాదు. పెద్ద పెద్ద పండితులు దాని మీద వాదించుకుంటారు, వాదించుకోనీ, మొగుడు పోయి సంవత్సరం కూడా నిండని భార్య మీద పెట్టి తేల్చాల్సిన వాదన కాదది.)

పిల్లల్నీ ఆస్తినీ ఒక్కరోజే పోగొట్టుకున్న యోబు సంగతి కూడా నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 'యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను' అని మన చావు కార్డుల మీద వేస్తారు చూడు. అది మొదటి అధ్యాయం. యోబు గ్రంథం మొత్తం 42 అధ్యాయాలు. మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఆ మనిషే నోరు తెరిచి తాను పుట్టిన రోజుని శపించుకుంటాడు, ఎందుకు పుట్టాను, అమ్మ కడుపులోనే ఎందుకు పోలేదు అని. అక్కణ్ణుంచి ఎన్నో అధ్యాయాలు ఆయన గొడవే, దేవుడితో వాదనే, పక్కనేమో స్నేహితులు కూర్చుని అలా మాట్లాడకూడదు, తప్పు నీదే అయ్యుంటుంది అని క్లాసులు పీకుతుంటారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీదనుకున్నావ్, ఆ స్నేహితుల మీద. నా సేవకుడు యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. నేను స్కూల్లో సోషల్ చెప్పిన దాన్ని, బైబిల్ పండితురాలిని కాను, కానీ ఇంత తేటగా రాసి ఉన్నదాన్ని మనం ఒక్క లైను కత్తిరించి కార్డుల మీద వేసుకుని మిగతాది ఎందుకు వదిలేస్తామో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఇంకోటి చూడు. యోహాను సువార్త పదకొండో అధ్యాయం, యేసు స్నేహితుడు లాజరు చనిపోయిన దగ్గర. 35వ వచనంలో యేసు కన్నీళ్ళు విడిచాడు. 41వ వచనంలో అదే సమాధి ముందు నిలబడి, తండ్రీ నువ్వు నా మనవి విన్నావు, నీకు కృతజ్ఞత అంటాడు. రెంటికీ మధ్య ఐదంటే ఐదు వచనాలు. ఇంకాసేపట్లో ఆ మనిషిని లేపబోతున్నాడని తెలిసి కూడా ఏడ్చాడు, ఏడ్చిన మొహంతోనే కృతజ్ఞత చెప్పాడు. ఏడుపు ఆపి మొహం కడుక్కుని వచ్చి చెప్పాలి అని ఎక్కడా లేదు. నువ్వు టీవీ ముందు నవ్వి ఏడ్చింది కూడా ఒక్క నిమిషంలోనే కదా.

మా అమ్మమ్మ సంగతి చెప్తా విను, ఇది చెప్పడానికే అసలు నీ ఉత్తరం తీసుకున్నా.

అమ్మమ్మ వాళ్ళది నాగాయలంక వైపు పల్లె. 1977 నవంబర్ 19, శనివారం, దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కే పదివేల దాకా, ఊళ్ళో వాళ్ళనడిగితే ఇంకా ఎక్కువే అంటారు. మేం అప్పుడు గుంటూర్లో ఉన్నాం, నేను తొమ్మిదో క్లాసు, మీ పాప అంత. మా మావయ్య, ఆయన ఇద్దరు పిల్లలు పోయారు. అత్తయ్య పురిటికని పుట్టింటికెళ్ళింది కాబట్టి మిగిలింది. అమ్మమ్మ తాటిచెట్టుని కరుచుకుని రాత్రంతా ఉంది, నీళ్ళ ఊపుకి ఆ గరుకు చెట్టుకి రాసుకుని రాసుకుని మోచేతుల దగ్గర్నుంచి లోపలంతా చర్మం లేచిపోయింది. ఆ మచ్చలు చివరిదాకా అలాగే ఉన్నాయి. ఎండాకాలం మాకు విసనకర్రతో విసురుతుంటే చెయ్యి అటూ ఇటూ తిరిగినప్పుడల్లా కనపడేవి, తాటిమాను మీద గీతలుంటాయే అలా.

కొన్నాళ్ళకి మందిరంలో కూడిక పెట్టారు. బతికినవాళ్ళు ఒక్కొక్కరూ లేచి దేవుడు నన్ను ఎలా కాపాడాడో అని సాక్ష్యం చెప్తున్నారు. అమ్మమ్మ వంతు వచ్చింది, లేవలేదు. అయ్యగారు, అంత ఉప్పెనలో దేవుడు నిన్ను కాపాడాడు కదమ్మా ఒక్క మాట చెప్పు అన్నారంట. అమ్మమ్మ కూర్చునే, నెమ్మదిగా, "నన్ను కాపాడాడని నేనంటే పక్కన నా కోడలు వింటది కదయ్యా" అందంట.

అంతే. ఇంకేం అనలేదు. మొగుడూ ఇద్దరు పిల్లలూ పోయి చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి పక్కన, దేవుడు నన్ను కాపాడాడు అని గట్టిగా అంటే, మరి వాళ్ళని కాపాడలేదనే కదా మిగిలేది. అమ్మమ్మకి చదువు లేదు, సంతకం కూడా రాదు, వేలిముద్రే. కానీ ఎవరి ముందు ఏ స్తోత్రం చెప్పకూడదో తెలిసింది ఆమెకి.

అలాగని కృతజ్ఞత లేని మనిషా అంటే, అబ్బో, ఆమెకున్నంత నేను ఎవరిలోనూ చూళ్ళేదు. తెల్లారి నీళ్ళు తీశాక ఆమెని ఆ చెట్టు నుంచి దించింది పక్కూళ్ళో సోడాలమ్మే సాయిబు గారు. ఒంటి మీద గుడ్డ లేదు, ఆయన తన పైపంచె తీసి మొహం అటు తిప్పుకుని ఇచ్చాడంట, తర్వాత వాళ్ళింట్లో మిగిలిన తడిసిన బియ్యం గంజి కాచి పోశారంట. ఆ గంజి ఉప్పగా ఉందని, సముద్రం నీళ్ళు బియ్యంలోకి వెళ్ళాయని, అయినా అంత కమ్మని గంజి మళ్ళీ తాగలేదని చెప్పేది. అప్పట్నుంచి ఏటా ఆ రోజులు వచ్చేసరికి, తేగలు పడే కాలమే కదా, ఒక పెద్ద కట్ట తేగలు కట్టి సాయిబు గారింటికి పంపేది. ఆయన పోయాక వాళ్ళబ్బాయికి పంపేది. నడవలేనప్పుడు మా తమ్ముడి సైకిల్ మీద పంపింది. రాత్రి ప్రార్థనలో ఆయన పేరు పెట్టి, ఆయన పిల్లల పేర్లు పెట్టి, వాళ్ళ గేదె ఈనితే ఆ సంగతి కూడా కలిపి చెప్పేది దేవుడికి. మావయ్య ఎందుకు పోయాడు అన్నదానికి మాత్రం ఆమె చివరిదాకా దేవుడికి స్తోత్రం చెప్పలేదు, దేవుణ్ణి వదల్లేదు కూడా.

నీ గుండెలో ఉన్నది కూడా ఇదే కదా చెల్లీ. నువ్వు రాసిన నాలుగు ముక్కల్లోనే ఇద్దరు మనుషులున్నారు, ఐదింటికి లేచే అత్తయ్య, షాపు నడిపే కుర్రాడు. పోయినందుకు స్తోత్రం చెప్పలేకపోతున్నా అని ఏడుస్తున్నావు గానీ నీ స్తోత్రం ఆల్రెడీ నీ ఉత్తరంలో ఉంది, వెళ్ళాల్సిన వాళ్ళకి వెళ్ళలేదు అంతే.

మన తెలుగువాళ్ళకి ఇదొక జబ్బు. దేవుడికి మైకులో చెప్తాం, బస్సులో సీటిచ్చినోడికి థాంక్స్ అండి అంటాం, ఇంట్లో మనిషికి మాత్రం చెప్పం. చెప్తే, నాకు థాంక్స్ ఏంటి, నేను బయటిదాన్నా అని ఫీలవుతారు కూడా. మన పాతవాళ్ళు థాంక్స్ అనకుండానే పని కానిచ్చేవాళ్ళు, నీ కడుపు చల్లగుండ, నూరేళ్ళు బతుకు, నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో, నీ రుణం ఎలా తీర్చుకోను, అని ఇన్ని మాటలుండేవి. ఇప్పుడు మనకి ఆ మాటలు ఎబ్బెట్టుగా ఉన్నాయి, థాంక్స్ ఏమో పరాయిగా ఉంది, మధ్యలో ఏమీ చెప్పకుండా ఊరుకుంటున్నాం.

మీ అత్తగారి గురించి ఒక్క మాట, కోప్పడకు. నువ్వు ఉత్తరంలో ఆవిడ బాక్సుల గురించి రాశావు, కూడిక పెట్టిస్తోందని రాశావు, ఆవిడ కొడుకు పోయాడన్న సంగతి రాయలేదు. నీకు మొగుడు పోయాడు, ఆవిడ కన్న కొడుకుని మట్టిలో పెట్టి వచ్చింది. కృతజ్ఞత కూడిక అని ఆవిడ ఎందుకు పట్టుబడుతుందో నాకు తెలీదు కానీ, ఒక్కోసారి ఆ వయసువాళ్ళకి స్తోత్రం అనే మాట మెట్ల దగ్గర పట్టుకునే గొలుసు లాంటిది, అది వదిలితే పడిపోతారు. నీకు పట్టుకోవడానికి రావట్లేదని ఆవిడ చేతిలోంచి లాగకు. అలాగే ఆవిడ పట్టుకుందని నువ్వూ పట్టుకోవక్కర్లేదు. ఐదింటికి లేచి బాక్సులు కట్టే మనిషి నాకు తెలిసి నాలుగింటికే లేచి ఏడ్చేసి ఉంటుంది.

షాపు కుర్రాడి సంగతి ఇంకా ముఖ్యం, ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెప్తా. దేవుడు పంపిన మనిషి అని ప్రార్థనలో చెప్పుకుని ఊరుకోవద్దు. అతనికి నెలకి ఎంత ఇస్తున్నావు? ఆయన ఉన్నప్పుడు ఇచ్చినంతే ఇస్తున్నావా? అప్పుడు హెల్పరు, ఇప్పుడు షాపు మొత్తం అతని నెత్తి మీదే ఉంది. రాగి తీగ రేటు, అద్దె, కరెంటు బిల్లు పోగా ఎంత మిగులుతుందో ఒక నోటుబుక్కులో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని రాయించు, అందులో అతని వాటా ఇంత అని తేల్చు. సంక్రాంతికో క్రిస్మస్‌కో బట్టలు పెట్టు, అది వేరు, ముందు లెక్క. మేలు చేసినోడిని మొహమాటంతో వాడుకోవడం మనకి బాగా అలవాటు, రేపు అతనికి పెళ్ళయి ఖర్చులు పెరిగి వెళ్ళిపోతే చివరికి నమ్మకద్రోహం చేశాడంటాం. కృతజ్ఞత అన్నది అక్కడ రూపాయల్లోనే కనపడాలి. అన్నట్టు వితంతు పింఛనుకి సచివాలయంలో అప్లై చేశావా లేదా? చెయ్యకపోతే రేపే వెళ్ళు, అందులో సిగ్గేం లేదు.

మీ ఆడపడుచు డైరీ సంగతి. పాపం తను ప్రేమతోనే చెప్పింది, అంత దూరంలో ఉండి అన్నయ్య పోయిన బాధ తనకీ ఉంటుంది, ఏం చెయ్యాలో తెలీక ఏదో ఒకటి చెప్పింది. నేనూ రాశా ఆ డైరీ. మొదటి వారం బాగానే ఉంది, కాఫీ బాగుంది, వాన పడింది, మనవరాలు ఫోన్ చేసింది అని. మూడో వారానికి ఐదు దొరక్క 'కరెంటు పోలేదు' అని నాలుగు రోజులు వరసగా రాశా. రోజుకి ఐదు అనేది హోంవర్కు అయిపోయింది. తర్వాత వారానికి ఒకటి, అది కూడా ఒక మనిషి పేరు, ఏం చేశారు అన్నది మాత్రమే రాసుకున్నా, అది నిలబడింది. నువ్వు మానేసినందుకు గిల్టీ ఫీలవ్వకు.

ఆ అమెరికా పండగ గురించి కూడా, మాస్టారమ్మ బుద్ధి పోదుగా, ఒక ముక్క చెప్తా. వాళ్ళ దేశంలో థాంక్స్‌గివింగ్ దేశమంతా ఒకే రోజున చేసుకోవాలని లింకన్ ప్రకటన ఇచ్చింది 1863లో, సివిల్ వార్ మధ్యలో. అప్పటికి ఆయన పదకొండేళ్ళ కొడుకు జబ్బు చేసి పోయి రెండేళ్ళు కూడా కాలేదు. ఆ ప్రకటనలోనే పంటలకీ గనులకీ కృతజ్ఞత చెప్తూ, అదే కాగితంలో విధవలైనవాళ్ళని, అనాథలైనవాళ్ళని, ఏడుస్తున్నవాళ్ళని దేవుడు చూసుకోవాలని ప్రార్థించమన్నాడు. టర్కీ కోడి, సేల్సు అన్నీ ఇప్పుడు కనపడుతున్నాయి గానీ, ఆ కాగితంలో నీలాంటోళ్ళకి కూడా చోటుంది. మీ ఆడపడుచు మళ్ళీ కాల్ చేస్తే ఈ సంగతి చెప్పు, డైరీ గురించి కాకుండా వాళ్ళన్నయ్య గురించి ఇద్దరూ ఒక అరగంట మాట్లాడుకోండి. చిన్నప్పుడు ఆయన చేసిన అల్లరి నీకు తెలీనిది తనకి తెలుస్తుంది.

పాపని ప్రార్థనలో కూర్చోమని బలవంతం చెయ్యకు. పద్నాలుగేళ్ళ పిల్ల, నాన్న పోయాడు, దేవుడి మీద అలిగింది. అలగనీ. నువ్వు చేసుకునేటప్పుడు తలుపు తీసే ఉంచు, తను పక్క గదిలో హోంవర్కు చేసుకుంటుంది, వినపడుతూనే ఉంటుంది. అత్తగారు ఏమన్నా అంటే, నేను చూసుకుంటా అత్తయ్యా అను. 'నాన్న పరలోకంలో సంతోషంగా ఉన్నాడు' అని తనతో అస్తమానం అనొద్దు, మమ్మల్ని వదిలేసి సంతోషంగా ఉన్నాడా అనుకుంటారు పిల్లలు. మా ఇంటికి పరామర్శకి వచ్చిన ఒకావిడ, మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకెళ్ళిపోతాడమ్మా అంది, మరి మీరింకా ఇక్కడే ఉన్నారేం అని నాలుక చివరిదాకా వచ్చి మింగేశా. మా అబ్బాయి మాత్రం కొన్నాళ్ళు మంచిగా ఉండటం మానేశాడు, భయమేసి. నవ్వుకుంటాం ఇప్పుడు, అప్పుడు నవ్వు రాలేదు.

ఇక కూడిక. పాస్టర్ గారి దగ్గరకి ఒక్కదానివే వెళ్ళు, ముందే, ఫ్లెక్సీ ప్రింటుకి ఇవ్వకముందే. అయ్యగారూ, కృతజ్ఞత కూడిక అని వేయించకండి, జ్ఞాపకార్థ కూడిక అని వేయించండి, ఆ మాట నేను మోయలేను అని అడుగు. చాలామంది పాస్టర్లు ఒప్పుకుంటారు, వాళ్ళు ఎన్నో భూస్థాపనలు చూసినవాళ్ళు. ఆయన ఒప్పుకోకపోతే ఫ్లెక్సీ ఎలాగైనా ఉండనీ, నీ నోరు మాత్రం నీదే. సాక్ష్యం వద్దనుకుంటే వద్దని చెప్పు, తప్పేం లేదు, మీ అత్తగారు చెప్తారు, ఆవిడ కొడుకు గురించి ఆవిడకి చెప్పాలనుందేమో కూడా.

చెప్పాలనుకుంటే మాత్రం... మీకు పంట పండగ చేస్తారు కదా సంఘంలో? మా చిన్నప్పుడు పంట పండగ అంటే గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, పాలు, ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి బల్ల ముందు పెట్టడం, ఆరాధన అయ్యాక వేలం, నిమ్మకాయ కూడా పోటీలు పడి వందలకి పాడేవాళ్ళు. ఒక ఏడు కోతల మీద తుఫాను వచ్చి పనలన్నీ చేలోనే నానిపోయాయి. ఒక రైతు ఏం తెచ్చాడో తెలుసా, మొలకలొచ్చిన వరి పన. నల్లబడిపోయి, కంకుల్లోంచి తెల్లగా మొలకలు, కుళ్ళు వాసన. తీసుకొచ్చి ఆ గుమ్మడికాయల మధ్య పెట్టాడు. ఎవరూ మాట్లాడలేదు. అయ్యగారు దాన్ని పక్కకి జరపలేదు, ప్రార్థనలో మిగతావాటితో పాటే దాని మీదా చెయ్యి పెట్టారు. వేలంలో దాన్ని ఎవరో యాభై రూపాయలకి పాడి కోళ్ళకి వేశారు. ఈ ఏడు మాకు పండింది ఇదే అన్నాడు ఆ రైతు, అంతకు మించి ఏం అనలేదు.

నువ్వూ నీ దగ్గర ఏముంటే అదే తీసుకెళ్ళు చెల్లీ. ఎక్కువ అక్కర్లేదు, రెండు నిమిషాలు. ఇలాంటిది, నీ మాటల్లోకి మార్చుకో: "అందరికీ వందనాలు. మా ఆయన పోయినందుకు నేను స్తోత్రం చెప్పలేను. ఎందుకు పోయారో నాకు ఇప్పటికీ తెలీదు, రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నా. ఆయన ఇన్నేళ్ళు నాతో ఉన్నందుకు మాత్రం స్తోత్రం. ఆ రోజు ఆస్పత్రికి మాతో వచ్చినవాళ్ళకి, రాత్రంతా మా గుమ్మంలో కూర్చున్నవాళ్ళకి, నెలరోజులు మా ఇంటికి కూర పంపినవాళ్ళకి నేను రుణపడి ఉన్నా." అని, తర్వాత పేర్లు చదువు. కాగితం మీద రాసుకుని వెళ్ళు, అప్పుడు గుర్తురావు. ఆయన గురించి ఒక్క చిన్న సంగతి చెప్పు, పెద్ద గుణగణాలు వద్దు, ఇంటికొచ్చాక వార్నిష్ వాసన పోవడానికి చేతులు ఎలా కడుక్కునేవారో, మోటారు సౌండ్ విని ఏం పాడైందో ఎలా చెప్పేవారో, అలాంటిది. ఏడుపొస్తే ఏడువు. మధ్యలో ఆపేసి కూర్చున్నా పర్లేదు, ఎవరో ఒకరు పాట అందుకుంటారు, మన కూడికల్లో ఆ సుఖం ఉంది.

ఒకవేళ ఎవరైనా తర్వాత వచ్చి, అమ్మా అలా చెప్పకూడదు, విశ్వాసం తక్కువైనట్టుంటుంది అంటే, కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చదవమను. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని ముగుస్తుంది, చివర్లో ఒక్క స్తోత్రం కూడా లేదు, అయినా తీసుకొచ్చి బైబిల్లో పెట్టారు.

ఇంకో విషయం, ఇది సీరియస్‌గా. సంవత్సరం అవుతున్నా రాత్రుళ్ళు నిద్రే లేకపోవడం, వారాల తరబడి తిండి సహించకపోవడం, నేనూ పోతే బాగుండు అన్న ఆలోచన రావడం, ఇలాంటివి ఉంటే డాక్టరు దగ్గరికెళ్ళు. 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని గవర్నమెంటుదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఏ టైములోనైనా. ప్రార్థన మానేసి ఫోన్ చెయ్యమని కాదు, రెండూ చెయ్యి, సాయిబు గారు చెట్టు దగ్గరకి వస్తే అమ్మమ్మ నేను ప్రార్థనలో ఉన్నా తర్వాత రా అనలేదుగా.

కూడికకి ఇంకా నెల ఉంది. బాక్సుల సంగతి అంతదాకా ఆపకు. ఈ రాత్రికే, పిల్లలు పడుకున్నాక, అత్తగారు మర్నాటికి బియ్యం ఏరుకుంటూనో చిక్కుడుకాయలు వలుచుకుంటూనో కూర్చుంటారు కదా, వెళ్ళి పక్కన కూర్చుని నువ్వూ నాలుగు కాయలు తీసుకుని వలువు. థాంక్స్ అనకు. 'మీరు ఐదింటికి లేవకపోతే ఈ ఏడాది నేనేమైపోయేదాన్నో అత్తయ్యా' అను, అని ఆవిడ మొహం వైపు చూడకుండా కాయలు వలుచుకో. ఆవిడ కాసేపు ఏమీ అనదు. తర్వాత 'చాల్లే, ఆ ముదురుకాయలు ఇటు పడెయ్, పిల్లలు తినరు' అంటుంది. ఆ మాట వచ్చిందంటే నీది అందినట్టే.